బహ్రెయిన్ ఇసుకలో వీర్రాజు వేసిన తెరలు

ముందుగా జరిగిన అన్యాయాలను తేదీల వారీగా నమోదు చేస్తున్నాను. ప్రయాణపు ముచ్చట్లు తరువాత చెబుతాను.

18 నవంబరు 1993, గురువారం. విమానాశ్రయపు తనిఖీలో నా చేతిసంచి విప్పి, కాగితపు పొట్లాలలో ఉన్న జేగురునూ పేవుడినీ అనుమానపు సరుకుగా పక్కన పెట్టేశారు. అది రంగుమట్టి అని మూడుసార్లు చెప్పాను. రసీదు అడిగాను. ఇవ్వలేదు.

20, శనివారం. ఒక కంపెనీ కార్యాలయంలో ఉదయం ఎనిమిదిన్నర నుండి పదకొండుంబావు వరకు నన్ను నిలబెట్టారు. నా ఎదుట నాలుగు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

అదే రోజు. నేనిచ్చిన దరఖాస్తు అందినట్టు ముద్ర వేయడానికి నిరాకరించారు.

22, సోమవారం. “రంగు పూసింది లేబరు, ఆలోచన చేసింది మేనేజరు” అని నోటిమాటగా జవాబు చెప్పారు. కాగితం మీద పెట్టమంటే నవ్వారు.

24, బుధవారం. నేను చదువుతున్న కాగితాన్ని నా చేతిలోనుండి లాక్కున్నారు. నా వయస్సు అరవై ఆరు.

27, శనివారం. నా శిష్యుని ముందు ఒక అబద్ధాన్ని టైపు చేయించి పెట్టి, నిజమని ఒప్పుకోమన్నారు.

వీటిలో మొదటిది మాత్రమే నాకు జరిగిన అన్యాయం. మిగిలినవన్నీ నా మీదుగా వీర్రాజుకు జరిగినవి. వీర్రాజు పాలకొల్లులో నాటకాలకు తెరలు వేసిన చిత్రకారుడు. దర్బారు, అడవి, వీధి, జైలు, ఏ తెర కావాలన్నా చుట్టుపక్కల నాటక సమాజాలవారు అతని ఇంటికే వచ్చేవారు. ఎనిమిదవ తరగతి వరకు నా దగ్గర డ్రాయింగు నేర్చుకున్నాడు. నాటకాలు తగ్గిపోయాక, 1990లో, పెయింటరు వీసా మీద బహ్రెయిన్ వెళ్లాడు. మూడేళ్ల తరువాత అతను రాసిన ఉత్తరంలో, ఇప్పుడు సిమెంటు బస్తాలు మోస్తున్నాననీ, కుడిచెయ్యి వణుకుతోందనీ, పెయింటింగు పని చేసినట్టు కంపెనీవారు కాగితం ఇవ్వడం లేదనీ ఉంది. ఆ ఉత్తరం చదివి నేను బయలుదేరాను.

ముహర్రక్

విమానాశ్రయం ముహర్రక్ అనే దీవిలో ఉంది. అక్కడి నుండి రాజధాని మనామాకు సముద్రం మీది దారిలో వెళ్లాలి. పొట్లాలు పోయిన కోపంలో ఆ సముద్రాన్ని నేను సరిగా చూడలేదు. అది నా లోపమే కనుక దానినీ రాస్తున్నాను.

నన్ను తీసుకువెళ్లడానికి వచ్చినవాడు మా చెల్లెలి కొడుకు సత్యం. ఒక వ్యాపార సంస్థలో లెక్కల గుమాస్తా. విజిటు వీసా పంపించినవాడూ అతనే.

“మట్టి కోసం ఇంత రాద్ధాంతమేంటి మావయ్యా?” అన్నాడు.

“మట్టి కాదురా, పేవుడి. వీర్రాజు కోసం తెచ్చాను. ఇక్కడ దొరకదు.”

“ఇక్కడ దొరికేదే మట్టి. చుట్టూ చూడండి,” అన్నాడు.

ముహర్రక్ పాత సందులలో ఒక రొట్టెల కొట్టు ముందు కారు ఆపాడు. ఇరానీ మనిషి ఒకడు పొయ్యి గోడకు పిండిని చరిచి, ఉబ్బిన రొట్టెను ఇనుప చువ్వతో లాగి బల్ల మీదకు విసురుతున్నాడు. రొట్టె మన విస్తరి అంత ఉంది. పాతిక ఫిల్సులు, అంటే మన రెండు రూపాయలు. వార్తాపత్రికలో చుట్టి ఇచ్చాడు. అరబ్బీ అక్షరాలు రొట్టెకు అంటుకున్నాయి. వార్తలతో సహా తినవలసి వచ్చింది. రుచి మాత్రం బాగుంది. కోపంగా ఉన్నప్పుడు తిన్నది కూడా రుచిగా ఉంటే అది నిజంగా రుచి అన్నమాట.

మహూజ్

సత్యం మహూజ్ అనే పేటలో అద్దెకుంటున్నాడు. వరుసగా అంతస్తుల ఇళ్లు, ప్రతి కిటికీకీ నీరు కారే ఏసీ పెట్టె. వసారాలో నిలబడి చూస్తే గోడలు, నేల, దూరాన ఆకాశం, మూడూ ఒకే రంగుగా కనిపించాయి. ముప్ఫై నాలుగేళ్లు పిల్లలకు రంగులు నేర్పినవాడిని. మా గోదావరి జిల్లాలో ఒక చెరువు గట్టు వేయాలంటే ఎనిమిది ఆకుపచ్చలు కలుపుతాం. ఈ దేశాన్ని ఒక్క గిన్నె రంగుతో వేసేయవచ్చుననుకున్నాను. ఆ అభిప్రాయం తప్పని మరునాడే వీర్రాజు నిరూపించాడు.

భోజనాల దగ్గర సత్యం మెల్లగా అసలు మాట ఎత్తాడు. “మావయ్యా, ఇక్కడ కంపెనీలతో గొడవ పెట్టుకోకూడదు. నాకూ ఒక కఫీల్ ఉన్నాడు. ఆయన పూచీ మీదే నా ఉద్యోగం. రేపు ఆయన పిలిచి మీ మావయ్య ఎవరని అడిగితే?”

“డ్రాయింగు మాస్టారని చెప్పు. నేను గొడవకు రాలేదు. ఒక కాగితం అడగడానికి వచ్చాను.”

“మీరు కాగితం అడిగితేనే గొడవ,” అన్నాడు. మా చెల్లెలి పోలిక.

అరాద్ దగ్గరి క్యాంపు

శుక్రవారం అక్కడ సెలవు. కూలీలు ఉండే క్యాంపు ముహర్రక్ దీవిలోనే, అరాద్ అనే ఊరికి దగ్గరలో ఉంది. రేకుల గది, ఎనిమిది మంచాలు. వీర్రాజు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నలభై ఏడేళ్ల మనిషి. జుట్టులో తెల్లనిది నెరుపో సిమెంటో పోల్చుకోలేకపోయాను.

“మీరెందుకండీ ఇంత దూరం? నాకు సిగ్గుగా ఉందండి.”

“సిగ్గుపడవలసినవాళ్లు వేరే ఉన్నారు. కూర్చో. మొదటి నుండి చెప్పు, రాసుకుంటాను.”

పక్క మంచం మీది మనిషి లేచి కూర్చున్నాడు. మల్లయ్య, జగిత్యాల వైపువాడు. గల్ఫ్ యుద్ధకాలంలో వీర్రాజుకు సాయంగా పనిచేసినవాడు. “రాసుకోండ్రి సార్. గీయన నోట్లకెల్లి మాట రావాల్నంటే పొద్దు గూకుతది. ఏడ ఆగితే ఆడ నేను జెప్త,” అన్నాడు.

ముందు భోజనం పెట్టారు. ఆ దేశంవారు షేరి అని పిలిచే చేప, చింతపండు వేసిన పులుసు. వీర్రాజు వంట. మల్లయ్య ముళ్లు ఏరుకుంటూ, “ఈ గోదారాయనతోటి వంట కలిపినంక ముల్లు గుచ్చుకోని శుక్రారం లేదు సార్. మటన్ అంటే మొకం గిట్ల పెడ్తడు,” అని పెట్టి చూపించాడు. సరిగ్గా వీర్రాజు ముఖమే. ఆ దేశంలో దిగాక నేను నవ్వింది అప్పుడే.

తరువాత వీర్రాజు చెప్పాడు. 1990 చివరలో, కువైట్ కోసం యుద్ధం వస్తుందనగా, విదేశీ సైన్యాలు ఆ చిన్న దేశంలో దిగాయి. ఆకాశం నుండి చూసేవారికి ఆయిలు ట్యాంకీలు, నీటి ట్యాంకీలు, జనరేటర్లు కనబడకుండా రంగులు వేసే పని ఈ కంపెనీకి వచ్చింది. అవతలివారిని మోసగించడానికి ఉత్తుత్తి లారీలు చేసి నిలబెట్టే పని కూడా.

“ముందు మేనేజరు దొరగారు పచ్చరంగూ, మట్టిరంగూ ఎనామిల్ తెప్పించేరండి. ట్యాంకీలకి సారలు ఎయ్యమన్నారు. ఏసేం. మర్నాడు ఎండలో సూద్దుం గదండీ, అద్దంలా మెరిసిపోతన్నాయి.”

“పెండ్లికొడుకు లెక్కుండె సార్ ఆ ట్యాంకీ,” అన్నాడు మల్లయ్య. “బాంబు ఏసెటోడు దారి తప్పిపోకుంట గుర్తు పెట్టినట్లుండె.”

“నాకు తెరల సంగతి తెలుసు గదండీ. తెర మీద మెరుపుంటే దీపాల ఎలుగులో బొమ్మ ఇరిగిపోద్ది. అందుకే మనం పొడి రంగు జిగురులో కలుపుతాం. దొరగారితో సెప్పేను, మెరుపు సంపాలండీ, సుద్దపొడీ జల్లించిన ఇసకా కావాలండీ అని. తడి రంగు మీద ఇసక జల్లేం. మెరుపు సచ్చిపోయింది.”

“జల్లెడ పట్టుడు నా డ్యూటీ సార్.”

ఏ ట్యాంకీని ఎక్కడ నిలబెడతారో ముందే అడిగి, ఆ చోటికి వెళ్లి పిడికెడు ఇసుక తెచ్చి, దానికి సరిపడా రంగు కలిపేవాడట. ఇసుక అంతా ఒకటే కదా అన్నాను. వీర్రాజు మంచం కింద నుండి పాత మందు సీసాలు తీశాడు. పదకొండు సీసాలు, పదకొండు చోట్ల ఇసుక. కిటికీ వెలుగులో వరుసగా పెట్టాడు. బియ్యపు కడుగు రంగు, ఎండు అల్లం రంగు, గులాబీ జీర ఉన్నది, బూడిద కలిసినది. ఏ రెండూ ఒకటి కావు. ఒక్క గిన్నె రంగు అని నిన్న నా పుస్తకంలో రాసుకున్న మాటను అక్కడే కొట్టివేసి, పక్కన తేదీ వేశాను.

ఇంకొక సంగతి కూడా చెప్పాడు. తెర మీద స్తంభం గుండ్రంగా కనబడాలంటే అంచులకు నీడ వేస్తాం. ట్యాంకీ నిజంగానే గుండ్రం. ఎండ పైనుండి పడి పైభాగం వెలుగుతుంది, కింద నీడ పడుతుంది. ఆ నీడే దానిని పట్టిస్తుంది. అందుచేత అతను పైభాగానికి ముదురురంగు, అడుగుకు లేతరంగు వేశాడు. దూరం నుండి ట్యాంకీ చదునై నేలలో కలిసిపోయింది. ఉత్తుత్తి లారీలకు దీనికి సరిగ్గా ఎదురు పద్ధతి. చదునైన గుడ్డ మీద చక్రాలు, తలుపులు, కింద నీడ, అన్నీ మన దర్బారు తెరలో మెట్లు వేసినట్టే వేశాడు.

“ఒక పఠాన్ డ్రైవరు వచ్చి, గా గుడ్డ లారీ ఎన్క తన బండి వెట్టి హారన్ గొట్టుడు సురు జేసిండు సార్,” అన్నాడు మల్లయ్య. “భాయ్, బండి తీయ్, యల్లా యల్లా అని ఒకటే లొల్లి. దిగొచ్చి తలుపు మీద గుద్దిండు. చెయ్యి గుడ్డలకు వోయింది. గప్పుడు జూడాలె ఆయన మొకం!”

నేను నవ్వలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సు దేశం తన చిత్రకారులనూ, నాటకరంగాలు అలంకరించేవారినీ పిలిచి, సైన్యంలో వారికొక ప్రత్యేక దళం ఏర్పరచి, చొక్కా చేతికి ఊసరవెల్లి గుర్తు కుట్టించిందని నేను గ్రంథాలయంలో చదివాను. నా ఎదుట అదే విద్య తెలిసినవాడు, ఎవరూ నేర్పకుండా తెరల మీద నేర్చుకున్నవాడు, టీ గ్లాసును రెండు చేతులతో ఎత్తుకొని తాగుతున్నాడు. కుడిభుజం బస్తాలకు దిగిపోయింది. ఒక్క చేత్తో ఎత్తితే తొణుకుతుంది.

అతనికి ఒక దారి ఉంది. మనామాలో నాటకాలకూ పెళ్లి వేదికలకూ అలంకరణలు చేసే చిన్న కార్ఖానా యజమాని అతనిని తీసుకుంటానన్నాడు. కంపెనీతో ఒప్పందం జనవరి నెలాఖరుతో ముగుస్తుంది. అప్పటికి, చిత్రకారుడుగా పనిచేశాడని పాత కంపెనీ నుండి పత్రం తెస్తే ఆ చోటు అతనిది. తేకపోతే మళ్లీ సిమెంటు. ఇంకో రెండేళ్లు బస్తాలు మోస్తే ఆ చెయ్యి కుంచె పట్టదు. నాకు వైద్యం తెలియదు కాని చేతులు తెలుసు.

కంపెనీ కార్యాలయం

శనివారం నిలబెట్టిన సంగతి పైన రాశాను. సోమవారం కుర్చీ నేనే లాక్కొని కూర్చున్నాను. ఉద్యోగుల వ్యవహారాలు చూసే ఆఫీసరు మన దేశస్థుడే, బొంబాయి మనిషి. తెల్ల చొక్కా, జేబులో మూడు కలాలు. మూడింటిలో ఒక్కటీ నా దరఖాస్తు మీద కదలలేదు.

“మా ఫైలులో ఈ మనిషి సాధారణ కూలీ,” అన్నాడు ఇంగ్లీషులో.

“1991 మార్చి నుండి. అంతకు ముందు?”

“పెయింటరు. రంగు పూసేవాడు. అయితే ఏమిటి? పత్రంలో చిత్రకారుడు అని రాయమంటున్నారు. ఆలోచన మా మేనేజరుది.” సొరుగులోనుండి ఒక నున్నటి పుస్తకం తీసి నా ముందు పడేశాడు. యుద్ధకాలంలో తమ సేవల గురించి కంపెనీ అచ్చు వేయించినది. నాలుగవ పేజీ ఫోటోలో ఇసుకలో వరుసగా ఏడు లారీలు. ఏడూ గుడ్డవి. కింద, “రూపకల్పన: ప్రాజెక్టు మేనేజరు.” బొమ్మ అంచున, సగం కోసేసిన ఒక మనిషి వీపు, పక్కన బకెట్టు. ఆ వీపు నాకు తెలుసు. ఎనిమిదవ తరగతిలోనూ అలాగే వంగి వేసేవాడు.

“మీ మేనేజరుగారు బొమ్మలు వేస్తారా?”

“ఆయన ఇంజనీరు. ఇప్పుడు ఈ దేశంలో లేరు.”

“ఆలోచన ఆయనదైతే, మొదట వేయించి చెరిపేసిన మెరిసే చారలు ఎవరి ఆలోచన?”

ఆ ప్రశ్నకు వచ్చిన జవాబే నేను మొదట రాసినది. దానిని కాగితం మీద పెట్టమన్నప్పుడు నవ్వాడు. ఆ నవ్వుకు సాక్షి గోడ గడియారం. పది గంటల ఐదు నిమిషాలు.

మళ్లీ అదే గది

బుధవారం మళ్లీ వెళ్లాను. ఆఫీసరుకు విసుగెత్తింది. “మాస్టర్, మీ మనిషి మీకంతా చెప్పాడనుకుంటున్నారా? ఇది చూడండి,” అని ఫైలులోనుండి ఒక కాగితం తీసి ఇచ్చాడు. 1991 ఫిబ్రవరిలో వీర్రాజుకు ఇచ్చిన శిక్ష ఉత్తర్వు. దాని సారాంశం తెలుగులో ఇది.

సదరు వీర్రాజు తాను నమూనాలు తయారుచేసిన వస్తువులపై, కింది కుడిమూలన, నల్లరంగుతో, తన భాషలో తన పేరు రాసినాడు. దాగి ఉండవలసిన వస్తువు దూరం నుండి కంటబడే ప్రమాదం కలిగించినాడు. తనిఖీకి వచ్చిన సైనికాధికారి దానిని గమనించి అభ్యంతరం చెప్పినారు. అందుచేత ఆ పని నుండి తొలగించి సాధారణ కూలీగా నియమించడమైనది.

మొదటిసారి చదివినప్పుడు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఎవరికీ కనబడకూడదని వేసిన వస్తువు మీద నల్లటి అక్షరాలతో పేరు! తెరలు వేసేవాడు తప్ప మరొకడు చేయని పొరపాటు. మన వైపు ప్రతి తెరకూ కింది కుడిమూలన వేసినవాడి పేరు, ఊరు ఉంటాయి. నాటకం మొదలయ్యేలోగా ముందు వరుసవారు చదువుతారు. వీర్రాజుకు ఆ అలవాటు తెరల కంటే ముందే అయింది. ఎనిమిదవ తరగతిలో పేరు రాయకుండా ఒక మామిడిపండు బొమ్మ ఇచ్చినందుకు అతనిని గంటసేపు బెంచీ మీద నిలబెట్టినవాడిని నేను. పేరు లేని బొమ్మ ఇంకెప్పుడూ నాకు చూపించవద్దన్నాను. ఆ నల్లటి రాతలో సగం బాధ్యత నాది. ఈ వాక్యం రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది.

రెండవసారి చదివాను. ఈసారి ఒక్క మాట దగ్గర ఆగాను. “తాను నమూనాలు తయారుచేసిన.” కంపెనీ తన సొంత కాగితంలో, తన ముద్ర కింద, ఒప్పుకున్న మాట.

“దీని నకలు ఇప్పించండి,” అన్నాను.

నా కళ్లు ఎక్కడ ఆగాయో అతనూ చూశాడు. అప్పుడే లాక్కున్నాడు. అయితే అప్పటికి ఆ ఉత్తర్వు సంఖ్య, తేదీ, ఆ వాక్యం ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టుగా నా పుస్తకంలోకి ఎక్కేశాయి. ఉద్యోగంలో ఇన్‌స్పెక్టర్లు చూపించి దాచుకున్న ఉత్తర్వులతో ఈ వేగం అలవడింది.

సాయంత్రం క్యాంపుకు వెళ్లాను.

“ఎందుకు రాశావురా?”

వీర్రాజు నేలకేసి చూశాడు. “అలవాటండి. బొమ్మ అయిపోయేక సెయ్యి దానంతటదే కిందకెళ్లిపోద్దండి. ఏడు లారీలకీ రాసేసేక గేపకం వచ్చింది. తుడిపేద్దామనుకున్నానండి. ఈలోగా తనిఖీకొచ్చిన మిలట్రీ దొర సూసేసేడు. తప్పు నాదేనండి, అందుకే మీకు సెప్పలేదు.”

“తప్పే. తప్పుకు శిక్ష వేశారు, పని తీసేశారు, సరే. చేసిన పనిని కూడా నీది కాదనడం ఏ తప్పుకు శిక్ష?”

మల్లయ్య మంచం మీద నుండి, “గదీ మాట! అడుగుండ్రి సార్,” అన్నాడు. మరుక్షణం లేచి కూర్చున్నాడు. “సార్, ఆ గుడ్డలల్ల ఒకటి ఉన్నది. అరాద్ కాడ ఒక ముసలాయన పడవ మీద కప్పుకున్నడు. లడాయి అయినంక కంపెనోళ్లు పారేస్తుంటే తీస్కపోయిండు. నేనే బండ్లకు ఎక్కిచ్చిన.”

అరాద్ ఒడ్డు

ఆ శుక్రవారం సత్యంతో కలిపి నలుగురం వెళ్లాం. అరాద్ దగ్గర సముద్రం పగలు ఒకసారి వెనక్కి పోతుంది, చాలా దూరం. పడవలు బురదలో ఒక పక్కకు ఒరిగి పడుకుని ఉన్నాయి. నేను నడవబోయి మోకాలి కింది వరకు దిగిపోయాను. కాలు వచ్చింది, చెప్పు రాలేదు. పడవ మీద కూర్చున్న ముసలాయన ఇదంతా చూసి హిందీలో అరిచాడు. “సాబ్, రెండోది కూడా ఇచ్చెయ్! ఒక్క చెప్పుతో సముద్రం ఏం చేసుకుంటుంది?”

ఆయనను అందరూ హాజీ అంటారు. నా కంటే పెద్దవాడు, కుర్రతనంలో బొంబాయికి సరుకుల పడవల మీద తిరిగినవాడు. ముందు ఏలకులు వేసిన కాఫీ, ఖర్జూరాలు పెట్టాడు. పని ఏమిటని తరువాత అడిగాడు. ఆ క్రమం నాకు నచ్చింది. ఇక్కడ నన్ను మొదట కూర్చోమన్నది ఆయనే.

“ఈ గుడ్డా? కప్పిన మొదటి వారం మా బావమరిది దూరం నుండి చూసి, పడవ మీద లారీ ఎందుకు ఎక్కించావని అడిగాడు,” అన్నాడు హాజీ. “అప్పటి నుండి వాడికి కళ్లద్దాలు కొనమని చెబుతున్నాను.”

తాళ్లు విప్పించాడు. గుడ్డ పరిచాం. రెండున్నరేళ్ల ఎండ, ఉప్పుగాలి తిన్నా లారీ నిలబడే ఉంది. కింది కుడిమూల మీద మట్టిరంగు పట్టీ ఒకటి పూసి ఉంది. పేరును కప్పడానికి కంపెనీవారు పూసినది. వారు పూసింది మళ్లీ ఆ ఎనామిలే. అది పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. కింద జిగురురంగు గుడ్డలోకి ఇంకి నిలిచింది. వీర్రాజు, పాలకొల్లు.

సత్యం ఫోటోలు తీశాడు. గొడవలు వద్దన్నవాడే మూల వైపు రెండు ఎక్కువ తీశాడు. నేను అక్షరాల ఎత్తు కొలిచి, పల్చటి కాగితం మీద అచ్చు ఎత్తుకున్నాను. వీర్రాజు పేరు వైపు చూడలేదు. వెనక చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని వేలితో తడుముతున్నాడు.

“ఇక్కడ నీడ కొంచెం ఎక్కువైందండి,” అన్నాడు.

హాజీ వచ్చి అతని పక్కన కూర్చున్నాడు. “మా పడవలు చేసేవాళ్లు పేరు రాయరు. ముందు కొమ్ము వంపు చూసి రేవులో ఎవరైనా చెప్పేస్తారు, ఫలానావాడిది అని. ఈ గుడ్డకు పేరు లేకపోయినా ఇప్పుడు నేను చెప్పగలను. లారీ వేసి నీడను తిట్టుకునేవాడిదే ఆ లారీ,” అని, కాగితం అడిగాడు. గుడ్డ ఎప్పుడు, ఎవరి దగ్గర తీసుకున్నదీ, మూల మీద ఏమి ఉన్నదీ అరబ్బీలో మెల్లగా రాసి, తేదీ వేసి, సంతకం చేసి ఇచ్చాడు. అడగకుండానే నకలు కూడా రాశాడు. ఈ ప్రయాణంలో నాకు అందిన ఏకైక లిఖితపూర్వక పత్రం ఒక చేపల పడవ యజమాని ఇచ్చినది.

చివరి శనివారం

మరునాడు ఫోటోలు, హాజీ పత్రం, ఉత్తర్వు సంఖ్య బల్ల మీద పెట్టాం. ఆఫీసరు లోపలికి వెళ్లి, అరగంట తరువాత టైపు చేసిన కాగితంతో వచ్చాడు. వీర్రాజు పెయింటరుకు సహాయకుడుగా పనిచేశాడు, నడవడి సంతృప్తికరం అని అందులో ఉంది. కింద ఇంకొక పేరా. నమూనాల తయారీలో తనకు ఏ విధమైన పాత్రా లేదని సదరు వీర్రాజు అంగీకరిస్తున్నాడు. కిందనే సంతకానికి గీత.

“ఇది పెట్టుకుంటే కార్ఖానావాళ్లు సహాయకుడుగానైనా తీసుకోవచ్చు. సిమెంటు తప్పుతుంది,” అన్నాడు ఆఫీసరు. “నేను చేయగలిగింది ఇంతే.”

సత్యం తెలుగులో, “పెట్టెయ్ వీర్రాజూ. ముందు ఆ బస్తాలు దిగనీ. మావయ్యా, మీరైనా చెప్పండి,” అన్నాడు.

నేను చెప్పలేదు. చెప్పకపోవడాన్ని కూడా నమోదు చేస్తున్నాను. బస్తాలు మోసేది నా భుజం కాదు. పెట్టమని చెప్పే నోరు నాకు లేదు, వద్దని చెప్పే హక్కూ లేదు.

వీర్రాజు కాగితాన్ని నా వైపు తిప్పాడు. “ఈ కింద రాసిందేంటండీ? ఆ గుడ్డ నేను ఎయ్యలేదని ఒప్పుకున్నట్టాండీ?”

“అవును.”

“ఏడూనా?”

“ఏడూ. ట్యాంకీలు కూడా.”

కలం ఎడమచేత్తో పట్టుకుని ఉన్నాడు, కుడిచెయ్యి వణుకుతోందని. దానిని మూత పెట్టి బల్ల మీద ఉంచాడు. “మరైతే ఒద్దండీ,” అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

“ఖలాస్,” అన్నాడు ఆఫీసరు, ఫైలు మూసి.

బయట ఎండలో మల్లయ్య ఎదురు చూస్తున్నాడు. విషయం విని వీర్రాజు వీపు మీద చరిచాడు. “మస్తు జేసినవ్ పో. ఇగ రేపు పొద్దుగాల మల్ల సిమెంటే. నీ బస్తాలు రెండు నేను మోస్త గాని, చేపల పులుసు మాత్రం బంద్ జెయ్యి.”

ఆదివారం నేను విమానం ఎక్కాను. తనిఖీలో మళ్లీ నా పొట్లాల సంగతి అడిగాను. ఎవరికీ తెలియదట.

లిఖితపూర్వకమైన జవాబు కోరుతూ

ఆ కంపెనీ జనరల్ మేనేజరుగారికి,

ఈ కథనం యావత్తునూ ఇంగ్లీషులోకి మార్చి, ఫోటోలతోను, హాజీగారి పత్రం నకలుతోను జతచేసి, మీకు రిజిస్టర్డు టపాలో ఈ రోజే పంపుతున్నాను. అందినట్టు మీ సంతకంతో రసీదు తిరిగి రావలసి ఉంది. ఈ కింది ప్రశ్నలకు జవాబు కోరుతున్నాను.

ఒకటి. 1991 ఫిబ్రవరి నాటి మీ ఉత్తర్వులో “తాను నమూనాలు తయారుచేసిన” అని రాసినది నిజమా, అబద్ధమా? నిజమైతే మీ పుస్తకం నాలుగవ పేజీ అబద్ధం. అబద్ధమైతే, తాను చేయని నమూనాల మీద పేరు రాశాడన్న నేరం మోపకుండా, కేవలం పేరు రాసినందుకు ఒక మనిషిని బస్తాలు మోయడానికి పంపిన ఆ ఉత్తర్వు ఏ ఆధారం మీద నిలిచింది?

రెండు. మీ ప్రాజెక్టు మేనేజరు ఆ నమూనాలు వేసినట్లు ఆయన చేత్తో గీసిన ఒక్క చిత్తుకాగితమైనా మీ దగ్గర ఉన్నదా? ఉంటే నకలు పంపండి. బహిరంగంగా క్షమాపణ చెప్పుకుంటాను.

మూడు. పాలకొల్లు వాస్తవ్యుడు వీర్రాజు మీ సంస్థలో చిత్రకారుడుగా పనిచేశాడని, యుద్ధకాలపు నమూనాలు అతనివని తెలిపే పత్రాన్ని, షరతులు లేకుండా, ఏ తేదీన ఇస్తారు?

మనామాలోని కార్ఖానాలో అతని చోటు 1994 జనవరి 31 వరకు ఖాళీగా ఉంటుంది. ఫిబ్రవరి ఒకటవ తేదీ ఉదయం అతను సిమెంటు ఎత్తితే, ఆ బస్తా మీరు ఎత్తించినదిగా నా పుస్తకంలో రాసుకుంటాను. అప్పటి నుండి ప్రతి నెలా ఒకటవ తేదీన మీకు ఒక ఉత్తరం వస్తుంది.

నోటిమాట చెల్లదు. ఫోను చేయవద్దు. జవాబు ఇంగ్లీషులోనైనా, అరబ్బీలోనైనా ఉండవచ్చు, చదివించుకుంటాను. రాసినవారి పేరు స్పష్టంగా ఉండాలి. పేరు లేని జవాబును తిప్పి పంపుతాను.

పాలకొల్లు,
14 డిసెంబరు 1993.
(సంతకం)
విశ్రాంత డ్రాయింగు మాస్టారు.